గుమ్మం దగ్గర పన్ను

మా నాన్న తివాచీ ధర ఒక్కసారే చెప్పేవారు. అందులోనే అన్నీ కలిసి ఉండాలి. మోత కూలీ, రిక్షా, బస్సు టాపు మీద వేసినందుకు క్లీనరు చేతిలో పెట్టేది, అన్నీ మావే. కొన్నవాళ్ళ ఇంట్లో తివాచీ పరిచి, ముడతలు సరిచేసి, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగి రావడం మా ఇంటి పద్ధతి. గుమ్మం దగ్గర ఒక్క పైసా అడిగినా పరువు తక్కువ. ఒకసారి కొల్లేరు లంకల్లో ఒక చేపల చెరువుల రైతుకి తివాచీ పట్టుకెళ్తే, పడవవాడు కిరాయి ఆ రైతుని అడిగాడట. నాన్న మోకాల్లోతు నీళ్ళలోకి దిగి మరీ వాడి నోరు మూయించారు. ఆ కథ వినీ వినీ నాకు విసుగొచ్చేది.

రెండువేల దశకం చివరికొచ్చేసరికి ఏలూరులో మా వీధి మగ్గాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా ముందుగదిలో ఒకటి మిగిలింది. "ఈ తివాచీ అమ్ముడుపోతే సరే, లేకపోతే మగ్గం విప్పేసి గది అద్దెకిచ్చేద్దాం" అని నాన్న తేల్చేశారు. ఆ మగ్గం పోతే ఆయనేమైపోతారోనని నాకు లోపల ఒకటే గుబులు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు కూడా చేసి ఇంట్లో ఉన్నాను. అమ్మ తమ్ముడు, మా మామూ, తాడేపల్లిగూడెంలో మోటారు పంపుల షాపులో పనిచేసేవాడు. చేతిపనులు అమ్మే ఒక వెబ్‌సైట్‌లో తన పేరు మీద ఖాతా తెరిచి మా తివాచీ ఫోటో పెట్టాడు. కొనేవాళ్ళకి జవాబులు రాసే పని నాది.

జర్మనీ నుంచి ఒకాయన కొంటానన్నాడు. డబ్బు కట్టేముందు ఒక్క మాట అడిగాడు. "ఇది మా ఇంటికి చేరేదాకా నేనింకేమైనా కట్టాల్సి ఉంటుందా?"

నాన్నకి చదివి చెప్పాను. "ఇదేం ప్రశ్నమ్మా! ఒక్క పైసా అక్కర్లేదని రాయి" అన్నారు.

అలాగే రాశాను. మాకు తెలిసిన పన్నులు ఇంటి పన్ను, కుళాయి పన్ను. కొన్నవాడి గుమ్మంలో వాళ్ళ ప్రభుత్వం చెయ్యి చాపుతుందని మాకేం తెలుసు?

తివాచీ వెళ్ళిన కొన్నాళ్ళకి, ఒక బుధవారం, నెట్ సెంటర్లో మెయిల్ తెరిచాను. కొరియర్ మనిషి తలుపు కొట్టి దిగుమతి సుంకం కట్టమన్నాడట. దాని మీద అమ్మకపు పన్ను. ఆయన తరఫున అవి ముందే కట్టినందుకు కొరియర్ కంపెనీకి రుసుము. మొత్తం ఎంతో లెక్క కూడా రాశాడు. "ఒక్క పైసా అక్కర్లేదని రాశారు. నన్ను మోసం చేశారు. సరుకు నేను తీసుకోలేదు. శుక్రవారం దాకా గోదాములో ఉంచి వెనక్కి పంపేస్తారు." అంతే ఉంది అందులో.

ఇక్కడి కొరియర్ ఆఫీసుకి పరిగెత్తాను. కౌంటర్లో ఆయన నింపాదిగా చెప్పాడు. "వెనక్కొస్తే ఆ రవాణా ఖర్చు మీదేనండి. ఇక్కణ్ణుంచి వెళ్ళిందేనని కాగితాలు చూపించలేకపోతే, ఇక్కడ కూడా సుంకం పడుతుందండి."

"మేం నేసిన తివాచీ మా ఇంటికి రావడానికి మేం సుంకం కట్టాలా?"

"దేశం దాటి వచ్చింది కదండీ మరి" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఇంటికెళ్ళి నాన్నకి అంతా చెప్పాను, మోసం అన్న మాట తప్ప. "అంతేనా? ఇంకేం రాశాడు?" అని గుచ్చి గుచ్చి అడిగితే అదీ చెప్పక తప్పలేదు. నాన్న, "సుంకం కట్టాక, ఆ సుంకం మీద కూడా పన్నా?" అన్నారు. అవునన్నాను. "సరే. అదంతా మనమే ఇచ్చేద్దాం. ఎల్లుండే కదా శుక్రవారం."

ఆ జర్మనీ ఆయన కట్టిన డబ్బు ఇంకా మామూ ఖాతాలోనే ఉంది. పాస్‌వర్డ్ మామూ దగ్గరే. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కాం. ఏదో ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వాలని పూళ్ళ స్టేషన్లో దాన్ని ఆపేశారు. ఎంతకీ కదలదే! నాన్న కిటికీ ఊచ పట్టుకుని సిగ్నల్ వైపే చూస్తూ కూర్చున్నారు. నేను మనసులో రైల్వేవాళ్ళని తిట్టని తిట్టు లేదు.

మామూ షాపులో పెంటపాడు రైతుకెవరికో పంపు చూపిస్తున్నాడు. మా మాట వినగానే తల పట్టుకున్నాడు. "భాయ్, పన్నులు కొనేవాడే కట్టుకోవాలి. సైట్లో కింద రాసే ఉంటుంది. అది మన తలనొప్పి కాదు!"

"అది నీ కంప్యూటర్లో రాసి ఉంది. ఒక్క పైసా అక్కర్లేదన్నది నేను."

"అదంతా ఇచ్చేస్తే మీకు మిగిలేది ఉన్ని ఖర్చే! ఇన్ని నెలల కష్టం ఏమైనట్టు?"

"నన్ను మోసగాడన్నాడ్రా" అన్నారు నాన్న. మామూ పంపు అక్కడే వదిలేసి మమ్మల్ని పక్క షాపులో కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ కరెంటు లేదు.

సాయంత్రం దాకా ఆ షాపు ముందు బల్ల మీదే కూర్చున్నాం. టీ తెప్పిస్తే నాన్న ముట్టుకోలేదు. కరెంటు రాగానే మామూ ఆ పన్నులకయ్యేంత డబ్బు వెనక్కి పంపాడు, నేను మెయిల్ కొట్టాను. "అక్కడ కట్టాల్సిందంతా మీకు పంపేశాం. దయచేసి తివాచీని ఇంట్లోకి తీసుకోండి."

శుక్రవారం నాన్న నమాజుకి వెళ్ళొచ్చేలోపల నేను మూడుసార్లు నెట్ సెంటర్‌కి వెళ్ళొచ్చాను. జవాబు లేదు. శనివారం లేదు. ఆదివారం లేదు. నాన్న మాత్రం నా మొహం చూసి తల తిప్పుకునేవారు.

సోమవారం జవాబొచ్చింది, దాంతో ఒక ఫోటో. ఒక పెద్ద గదిలో, సోఫా ముందు, మా తివాచీ! మోసం అన్నందుకు క్షమించమన్నాడు. అతని స్నేహితులకి ఇంకో రెండు కావాలట. ధర ఎంతైనా పర్లేదట. ఫోటో ప్రింటు తీయించుకుని ఇంటికి పరిగెత్తాను. ఇక మగ్గం నిలబడినట్టే అనుకున్నాను.

నాన్న ఫోటో ప్రింటు చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు. "ఈసారి గుమ్మం దగ్గర వాళ్ళెంత అడుగుతారో ముందే చెప్పగలవా?"

"ఎలా చెప్పగలను? విలువ కట్టేది వాళ్ళు. పన్నులు మీవేనని ఈసారి ముందే రాసేద్దాం. లోకమంతా అలాగే అమ్ముతోంది!"

"కొన్నవాడికి ఎంత పడుతుందో నాకే తెలియనప్పుడు నేనేం ధర చెప్తానమ్మా? వద్దని రాసెయ్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రాయను! ఇంత చేసింది మగ్గం కోసం కాదూ? కాళ్ళ దగ్గరికొచ్చిన బేరం తన్నేస్తారా? మీరే రాసుకోండి!" అని అరిచాను. అంతకుముందు ఆయన మీద నేనెప్పుడూ గొంతెత్తలేదు.

ఆయన చొక్కా వేసుకుని బయల్దేరారు. జన్మలో నెట్ సెంటర్ మెట్టెక్కని మనిషి, లోపలికెళ్ళి కౌంటర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఏవండీ, మా అమ్మాయి రాయనంటోందండి. మీరు రెండు ముక్కలు రాసిపెట్టండి." అందరూ తిరిగి చూశారు. వెనకాలే వెళ్ళిన నాకు చచ్చేంత సిగ్గేసింది, అంతకంటే జాలేసింది. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన నా వెనక నిలబడి చెప్పారు. "అయ్యా, నా తివాచీ మీ ఇంట్లో ఉన్నందుకు సంతోషం. మీ గుమ్మం దాకా ఎంతవుతుందో నాకు తెలియదు. తెలియని ధర చెప్పలేను." ఇంగ్లీషులో రాసి పంపాను.

ఇంకో బేరమేదీ లేదు. ఆ వారంలోనే మగ్గం విప్పాం. దూలానికి ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకున్నాం. అప్పటికింకా నేను ఆయనతో మాట్లాడటం లేదు.

"ఇంకా కోపంగానే ఉందా అమ్మా?" అన్నారు.

"ఉంది" అన్నాను.

"నాకూ ఉంది" అన్నారు. దూలం కింద పెట్టాక, ఇద్దరం దాని మీదే కూర్చుండిపోయాం.