ఫెరార్గంజ్‌లో ఆరేసిన తెల్ల పంచె

మా అమ్మమ్మకు సూరన్న అని ఒక అన్నయ్య ఉండేవాడు. కళింగపట్నం నుంచి అండమాన్ వెళ్లి కర్రల మిల్లులో పనిచేస్తుండగా ద్వీపం జపాన్ చేతుల్లోకి పోయింది. ఆ తరవాత బ్రిటిష్ విమానాలు వచ్చి బాంబులు వేసేవి. వాటికి కింద నుంచి సైగలు చేస్తున్నాడని జపాన్ సైనికులు ఆయన్ను పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. మనవాళ్లే ఎవరో పేరు చెప్పి ఉంటారని అమ్మమ్మ చివరిదాకా అనుమానపడింది. నేను బయల్దేరింది ఆ అనుమానంతోనే.

చాథం రేవులో ఉదయం ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో బాంబూఫ్లాట్. అక్కడ రాజు అనే తెలుగు ఆటో డ్రైవరు ఒడ్డున ఉన్న జపాన్ బంకర్లు చూపించి సాయంత్రం రేవులో దింపడానికి వెయ్యి రూపాయలకు ఒప్పుకున్నాడు. దారిలో సూరన్న సంగతి చెప్పాను. ఆటో నెమ్మదించింది. ఇంటిపేరు అడిగాడు. తరవాత ఎవరికో ఫోన్ చేసి గొంతు తగ్గించి హిందీలో మాట్లాడాడు. నాకు అందిన ముక్క ఒక్కటే, "అకేలీ హై", ఒంటరిగా ఉందని. బండి సముద్రాన్ని వదిలి ఫెరార్గంజ్ వైపు తిరిగింది. ఎక్కడికని గట్టిగా అడిగాను.

"థోడా టైమ్ దీదీ. మీరొక మనిషిని చూడాలి."

నేనున్న చోటు మా ఆయనకు ఫోన్‌లో పంపి, బ్యాగు ఒళ్లోకి లాక్కుని కూర్చున్నాను.

వక్కతోట పక్కన రేకుల ఇల్లు. ఫోన్ చేసింది ఇక్కడికేనట. అరుగు మీద రాజు నాయనమ్మ అప్పలనరసమ్మ ఉంది. యుద్ధం నాటికి చిన్నపిల్ల. చేపల పులుసుతో అన్నం పెట్టించింది. నేను ముద్ద ఎత్తలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు వాళ్ల నాన్న ఉతికిన పంచె ఇంటి కప్పు మీద ఆరేశాడు. ఆ మధ్యాహ్నమే విమానాలొచ్చి రేవు మీద బాంబులు వేశాయి. ఆ పంచే సైగ అని సైనికులు ఆయన్ను తీసుకెళ్లారు. కొన్నాళ్లకు గోళ్లు లేని వేళ్లతో తిరిగొచ్చాడు. వెంటనే సూరన్నను పట్టుకుపోయారు. ఎవరి పేరు చెప్పి బయటపడ్డావని ఊరు అడుగుతూనే ఉంది, ఆయన పోయేదాకా నోరు విప్పలేదు.

"మా అయ్య సెప్పాడో లేదో నాకు మాలూమ్ లేదమ్మా. మీ ఇంట్లో మా అయ్యనేటనుకుంతారు?"

మా ఇంట్లో ఆయన పేరే ఎవరికీ తెలియదని నిజం చెప్పాను. నమ్మాలా వద్దా అన్నట్టు చాలాసేపు నా ముఖంలోకి చూసింది.

"అయితే మా అయ్య పేరు సముద్రం దాటలేదన్నమాట" అంది.

అప్పుడు అన్నం తిన్నాను.

ఆయనే చెప్పాడేమోనన్న అనుమానం నాకింకా పోలేదు. గోళ్లు ఊడదీస్తుంటే నేనెన్ని పేర్లు చెప్పేదాన్నో కూడా నాకు తెలియదు. ఆయన పేరు ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా రాయడం లేదు. మీరు బంకర్లు చూడాలనుకుంటే ఉదయమే నేరుగా అక్కడికి వెళ్లండి. అండమాన్‌లో పొద్దు తొందరగా గూకుతుంది. నేను ఒడ్డుకు చేరేసరికి ఏమీ కనిపించలేదు.