ఉదయగిరి గుళ్లో ఆపినా ఆగని మోత

2023 మాఘమాసం. ఆత్మకూరులో ఉదయగిరి రోడ్డు పక్కన నాకొక మోటార్‌సైకిల్ మెకానిక్ షెడ్డు ఉంది. షెడ్డు అంటే నాలుగు రేకులు, ఒక వేపచెట్టు. స్టార్ట్ కాని బండ్లు రోజూ వస్తాయి. ఆపినా ఆగని బండి మాత్రం అదొక్కటే వచ్చింది.

తెచ్చినతను మాధవ్, కాకినాడ కుర్రాడు. పాడుబడ్డ గుళ్లు చూసుకుంటూ బండి మీద ఊళ్లు తిరుగుతున్నాడు. వెనక సీటుకు టెంటు, గిన్నెలు కట్టుకున్నాడు.

"రోడ్డు మీద ఏ శబ్దమూ ఉండదండి. ఉదయగిరి కొండ కింద పాడుగుడి ఉంది కదా, ఆ గోపురం కిందికి తీసుకెళ్లి ఆపితే మాత్రం మోత వస్తూనే ఉంటుంది. తాళం నా చేతిలోనే ఉంటుందండి," అన్నాడు. "ఈ రాత్రి అక్కడే టెంటు వేద్దామని. కొంచెం భయంగా ఉంది."

"చూడాల్సింది బండినా సార్, మిమ్మల్నా?" అన్నాను. నవ్వాడు గానీ నవ్వు పూర్తి కాలేదు.

మా వృత్తిలో స్టెతస్కోప్ అంటే స్క్రూడ్రైవరే. కొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవి దగ్గర ఆనిస్తే లోపలి టాపెట్లు, అంటే ఇంజన్ గాలి తలుపులను సర్దే ముక్కలు, ఏం మాట్లాడుకుంటున్నాయో వినపడుతుంది. ఇతని టాపెట్లు సంసారపక్షంగా ఉన్నాయి, కొట్లాట లేదు. ఏమీ లేదని పంపేస్తే పేరు పోతుంది. ఉన్నదే కాస్త పేరు. ట్రయల్ చూద్దామని అతని వెనక కూర్చున్నాను. గంటకు పైగా సాగిన ట్రయల్ నా జన్మకు అదొక్కటే.

మధ్యాహ్నానికి చేరాం. గోపురం పైన కూలిపోయి, కింద ద్వారం మాత్రం మిగిలింది. ఎండలోంచి లోపలికి దూరగానే చీకటి, గబ్బిలాల వాసన. కప్పు ఎక్కడో పైన నల్లగా ఉంది. మాధవ్ బండి ఆపాడు.

మోత ఆగలేదు.

ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ పెట్టాను. ఏమీ లేదు. పక్కనున్న స్తంభం మీద పెట్టాను. రాయి లోపల బండి నడుస్తోంది. మెడ మీద వెంట్రుకలు లేచాయి. తల మీద లేవడానికి పెద్దగా లేవు.

అయినా చేతి అలవాటు ఊరుకోదు. ఇంజన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తిప్పాను. రాతిలో మోత కూడా పెరిగింది. తగ్గించాను, అది తగ్గలేదు. ఆపేశాను, ఇంకా పెరిగింది.

"కదలబాకండి," అని మెల్లగా వినపడింది. గొర్రెలు కాసుకునే ముసలాయన, భుజాన గొంగడితో ద్వారంలో నిలబడి ఉన్నాడు. "పైకి చూడబాకండి."

వద్దన్నాక చూడకుండా ఉంటామా? నేను కప్పు అనుకున్న నలుపు కదిలింది. నిద్రలో ఉన్న జంతువు చర్మం జలదరించినట్టు, ఈ చివర నుంచి ఆ చివరకు అల వేసింది. కొండ తేనెటీగలు.

"చిన్నప్పుడు ఒకటి కుడితే గొంతు వాచి ఊపిరాడలేదండి," అన్నాడు మాధవ్ గుసగుసగా. "మళ్లీ కుడితే కష్టమని డాక్టర్ చెప్పారు."

నాకు తెలిసిన పారిపోవడం ఒక్కటే. చెయ్యి తాళం మీదికి పోయింది. ముసలాయన చప్పుడు లేకుండా లోపలికొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంది నువ్వు చేసేది? మళ్ళా స్టార్ట్ చేసినావంటే ఈ పిల్లోడు ఈడనే ఉండిపోతాడు. ఇక్కడ మేం గొర్రెల్ని గూడా అదిలించం. అమ్మోరు నిద్రపోతా ఉండాదని మా అవ్వ చెప్పేది."

"అమ్మోరా, తేనెటీగలా?"

"నిద్ర లేస్తే రెండూ ఒకటే."

గొంగడి తీసి మాధవ్‌కు తల మీంచి కప్పాడు. "పరిగెత్తబాక నాయనా. గొర్రె మాదిరి నడువు."

బండిని అక్కడే వదిలేసి నడిచాం. నాలుగైదు ఈగలు గొంగడి మీద వాలి, లోపల నోరెక్కడుందో వెతుకుతున్నట్టు పాకాయి. ఒకటి నా కనురెప్ప మీద కూర్చుంది. రెప్ప వేయకుండా నడిచాను. రోడ్డు దగ్గరపడేదాకా మోత మా వెంటే వచ్చింది. తర్వాత ఈగలు ఒక్కొక్కటే లేచి వెనక్కి పోయాయి. గొంగడి తీసేసరికి మాధవ్ చెమటలో తడిసి ఉన్నాడు. ఒక్కటీ కుట్టలేదు.

"తెల్లారే ముందర చలికి బిగుసుకోని ఉంటాయి. అప్పుడొచ్చి తోసుకోని పోండి," అన్నాడు ముసలాయన.

ఆ రాత్రి ఉదయగిరిలో మా చుట్టాలింట్లో ఉన్నాం. మర్నాడు మసక వెలుతురులో మాధవ్‌ను రోడ్డు మీద నిలబెట్టి నేనొక్కణ్ణే లోపలికి పోయాను. మోత లేదు. నిన్నటి మోతకన్నా అది ఎక్కువ భయపెట్టింది. పైనుంచి ఏదో నన్ను వింటున్నట్టుంది. న్యూట్రల్‌లో వేసి, ఊపిరి బిగబట్టి తోసుకొచ్చాను.

"స్టార్ట్ చేద్దామా అండి?" అన్నాడు రోడ్డెక్కగానే.

"ఇంకొంచెం దూరం తోద్దాం సార్."

అట్లా ఊరి మొదట్లో టీ కొట్టు దాకా తోశాం. కొట్టు అతను నన్ను ఎరిగినవాడే.

"ఏం మేస్త్రీ, నీ చేతిలో గూడా స్టార్ట్ కాలేదా?"

"బ్రహ్మాండంగా ఉండాదిరా. అందుకే తోస్తా ఉండా."

చెడిన బండిని నడిపించడమే పనితనం అనుకుని ఇన్నేళ్లు బతికాను. ఆ కేసులో నేను చేసిన రిపేరల్లా బండిని స్టార్ట్ చేయకపోవడమే, అదీ ఒకరు చెయ్యి పట్టి ఆపితే. ఇప్పుడు ఎవరు మోత అంటూ వచ్చినా ముందు ఇంజన్ ఆపమంటాను. తర్వాత చుట్టూ ఒకసారి చూస్తాను. పైకి కూడా.