నీలకంఠం మామ కూర్చుంటేనే గట్టి

మా ఎమ్మిగనూరు నీలకంఠం మామ తాను కూర్చుని చూస్తే తప్ప దేని గట్టితనాన్నీ నమ్మడు. కొత్త మంచమైనా, అరుగైనా, అంగట్లో స్టూలైనా సరే, ముందు ఆయన కూర్చోవాలి. ఆయన బరువుకు ఇంతవరకూ విరగనిది సరోజమ్మత్త ఓపిక ఒక్కటే.

మొన్న మా చుట్టాలమ్మాయి సునంద పెళ్లిలో పెళ్లికూతురి కుర్చీలో కూర్చున్నాడు. దాని కాళ్లు తలో దిక్కుకూ పోయాయి. మామ వెల్లకిలా పడ్డాడు. మేమంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వాం.

ఆ మామే ఈ మధ్య బైకులను పైకెత్తే లిఫ్టు తయారుచేస్తానని బయలుదేరాడు. పక్కింటి మెకానిక్ సామ్సన్‌కు మోకాళ్లు పోయాయి. గొంతుక్కూర్చుని పనిచేయలేక షాపు మూసేద్దామనుకుంటున్నాడు. పిడి తిప్పితే, స్క్రూలా ఒంటినిండా మరలున్న రాడ్డు తిరిగి, బండి నిలబెట్టిన బల్ల పైకి లేవాలన్నది మామ ఆలోచన. రాడ్డు కోసం నన్ను వెంటేసుకుని ఆదోని వెళ్లాడు.

అంగడాయన చిటికెన వేలంత రాడ్డు ఇచ్చాడు. మామ దాన్ని రెండు సిమెంటు మూటల మీద అడ్డంగా పెట్టి కూర్చున్నాడు. రాడ్డు కొడవలైంది.

"అన్నా, అది కూసునేదానికి కాదన్నా! నిలువుకు లాగి సూడు, బలం తెలుస్తాది!"

"అట్లనా? అయితే ఇంగోటి పైన దూలానికి కట్టు, యాలాడి సూస్తా."

నిజంగానే వేలాడాడు. రాడ్డు నిలిచింది. దూలమే కిర్రుమంది. అంగడాయన దణ్ణం పెట్టాడు.

"నన్ను మోసింది, సరే. బండి నాకు రెండింతలు కదప్పా. దినామూ తిప్పితే ఈ సన్న మరలు అరిగిపోవా?"

చివరికి పాత ఇనుము అంగట్లో, మూతపడిన పత్తి మిల్లు ప్రెస్సు నుంచి తీసిన రాడ్డు దొరికింది. మణికట్టంత లావు. దాంతో బైకేమిటి, లారీనే లేపొచ్చు.

"ఇది మాటింటాది" అన్నాడు మామ, దాని మీద కూర్చునే.

లిఫ్టు తయారైంది. నా బైకు పైకి లేచింది. సామ్సన్ దగ్గరికి రాబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టి, తానే వెళ్లి బైకు కింద పడుకున్నాడు.

"మామా, లెయ్! పడ్తాది!" అని అరిచాను.

"పడితే నా మింద పడనీలేరా. వాడు పిల్లలు గలోడు."

"ఇంగ సాలు, లెయ్" అని సరోజమ్మత్త గదమాయించేదాకా లేవలేదు. పెళ్లిలో విరిగిన కుర్చీ అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆయన కూర్చోకపోయుంటే పడేది సునందే. ఇలాంటి మనిషి మా వాడైనందుకు గర్వమేసింది.

సామ్సన్ నిటారుగా నిలబడి హాయిగా పని మొదలుపెట్టాడు. కాసేపటికి అలసి, కొత్త స్టూలొకటి దగ్గరికి లాక్కున్నాడు.

"ఆగప్పా, ఆగు!" అంటూ మామ పరిగెత్తుకొచ్చి, ముందు తాను కూర్చున్నాడు.