లేని కరెంటును ఆపిన రోజు

మార్కాపురంలో మేముంటున్న ఇంట్లో, పడగ్గది తలుపు పక్కన లైటు స్విచ్ నొక్కితే చిటపటమనేది. ఒక్కోసారి లోపల నీలంగా మెరిసేది. తెల్ల ప్లాస్టిక్ మీద కాలిన మచ్చ కూడా పడింది. మా అత్త దాన్ని చపాతీ కర్రతో నొక్కేది. "కర్రకు షాక్ కొట్టదులే" అని ఆమె ధీమా.

నా భయం మా రెండున్నరేళ్ల పాప గురించి. ప్లాస్టిక్ స్టూలు లాక్కెళ్లి ఎక్కి స్విచ్‌లు నొక్కడం నేర్చుకుంది. ఆ చిటపట దానికి ఆట. నొక్కి, విని, నా వైపు చూసి నవ్వేది. స్టూలు అటక మీద పెట్టాను. మర్నాడు బకెట్ బోర్లించుకుంది.

దర్శిలో ఉద్యోగం చేసే మా ఆయనకు ఫోన్ చేస్తే, ఎలక్ట్రీషియన్‌ను పిలవమన్నాడు. తర్లుపాడు నుంచి వచ్చే ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, "కరెంటు తీసే దినం వస్తాలే అక్కా" అన్నాడు. మా వైపు ఇదొక పద్ధతి. ప్రతి ఇంట్లోనూ మీటరు పక్కన ఇంటి మొత్తానికీ కరెంటు ఆపే మెయిన్ స్విచ్ ఉంటుంది. చేయి చాపితే అందుతుంది. దాన్ని ఎవరూ ఆపరు. లైన్ల మరమ్మతు కోసం పైనుంచి ఎప్పుడు కరెంటు తీస్తారా అని కాచుకుని, ఆ పూటే వీధి వీధంతా ఫ్యాన్లు దించుతారు, హోల్డర్లు మారుస్తారు.

రోజుకు మూడుసార్లు పోయే కరెంటు ఆ తర్వాత మూడు వారాలు కదల్లేదు.

"నువ్వు పొమ్మంటే పోతాదా మే అది?" అంది అత్త, తప్పు నాదే అయినట్టు.

స్విచ్ మీద అట్టముక్క పెట్టి టేపు అంటించాను. మూడు వారాలూ టార్చి వెలుతురులోనే పాపకు బట్టలు మార్చాను. చివరికి వీధి వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. శనివారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా కరెంటు ఉండదు.

ఎలక్ట్రీషియన్ పదిన్నరకు వచ్చాడు, ఇంకా నాలుగిళ్లు చూడాలంటూ. బోర్డు స్క్రూలు విప్పుతుంటే అడిగాను.

"అన్నా, మెయిన్ ఆపనా?"

"కరెంటే లేదు గదక్కా. లేనిదాన్ని ఏం ఆపుతావు?"

"బీఎస్సీ చదివింది నాయనా. లేనిదాన్ని గూడ ఆపుతాది" అంది అత్త.

ఇద్దరూ నవ్వారు. నాకు సిగ్గేసింది, ఒళ్లు కూడా మండింది. వరండాలోకి వెళ్లి మెయిన్ కిందికి లాగేశాను. ఎవరూ మళ్లీ వేయకుండా దాని ముందే కుర్చీ వేసుకుని, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. తెరిచిన తలుపులోంచి అతను కనిపిస్తూనే ఉన్నాడు. స్క్రూ వదులై, వైరు చివర బొగ్గులా మాడిపోయింది. మాడిన ముక్క కత్తిరించేసి, వైరు పైతొడుగును పళ్లతో ఒలవడం మొదలుపెట్టాడు.

పక్కింట్లో మిక్సీ గుర్రుమంది.

ఇంకా పదకొండు కూడా కాలేదు. అతను కదల్లేదు. వైరు పళ్ల మధ్యే ఉంది. కళ్లు మాత్రం పైకెత్తి ఫ్యాన్ వైపు చూశాడు. ఫ్యాన్ తిరగడం లేదు. మెల్లగా నోరు తెరిచి వైరు వదిలాడు.

"కరెంటొచ్చినాది! మనకు రాలేదేంది?" వంటింట్లోంచి అత్త కేకేసింది. "ఆ మెయిన్ ఎయ్ మే, ఫ్రిజ్‌లో పాలున్నాయి!"

"ఎయ్యొద్దక్కా!" గదిలోంచి అరిచాడతను. "ఎయ్యొద్దు, ఎయ్యొద్దు!"

వేయనన్నాను. అతను అప్పటిదాకా జేబులోనే ఉన్న టెస్టర్ తీసి రెండు వైర్లకూ ఆనించి చూశాడు. తర్వాత కొత్త స్విచ్ పెట్టి స్క్రూలు బిగించడానికి పది నిమిషాలు పట్టింది. ఈ పది నిమిషాల పని కోసం మూడు వారాలు కాచుకున్నాం.

సంచి సర్దుకుంటుంటే చెప్పాను. "పాప చేయి అందే బోర్డులు ఇంకా రెండున్నాయన్నా. అవి గూడ విప్పి చూడు."

"ఇంగో దినం కరెంటు తీసినప్పుడు..."

"ఇప్పుడే. మెయిన్ ఆపే ఉంది."

ఈసారి నవ్వలేదు. వరండాలోకి వచ్చి, మెయిన్ కిందికే ఉందని కళ్లారా చూసుకుని లోపలికి వెళ్లాడు. వంటింటి బోర్డులో ఒక స్క్రూ వేలితో తిప్పితేనే తిరిగింది.

"ఏంది నాయనా, పొద్దుగూకే దాకా ఇదే పనా?" అత్త విసుక్కుంది.

"పాపకు అందే బోర్డు పెద్దమ్మా" అన్నాడు, మెయిన్ ఆపింది తనే అయినట్టు.

ఒళ్లోంచి జారిపోవాలని పాప గింజుకుంటోంది. రెండో బోర్డు బిగించేదాకా దాన్ని దింపలేదు, కుర్చీలోంచి లేవలేదు.