వీర్రాజు గారి పేరున్న కవరు

మా ఇంటికొస్తే హాల్లో తలెత్తి పైకి చూడకండి. పొరపాటున చూసినా ఏమీ అడక్కండి. ముఖ్యంగా మా ఆవిడ రమణి ముందు “ఇన్సూరెన్స్ ఉంది కదండీ” అనే మాట మాత్రం అనకండి. మొన్న పక్కింటాయన అన్నాడు. ఆ పూట నాకు కాఫీ లేదు.

జరిగింది చెప్తాను వినండి. నవ్వొద్దంటే మీరెలాగూ మానరు.

పాలకొల్లు శివార్లలో మేం ఇల్లు కట్టుకుని రెండేళ్లు దాటింది కదా. భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు జీతం మీద కట్టిన ఇల్లు. ఒక్కో ఇటుకా నాకు పేరు పెట్టి పిలిచేంత పరిచయం! అందుకని గాలివాన భయానికి ముందే ఇన్సూరెన్స్ చేయిద్దామనుకున్నా. ఏజెంటు వీర్రాజు గారు కాగితాలన్నీ రాసుకెళ్లారు. ప్రీమియం ఫోన్లో కట్టేసుకోవచ్చట. కానీ ఇంటికొచ్చి రాసుకెళ్లిన మనిషికి చేతికిస్తే అదో మర్యాద కదండీ! “గృహప్రవేశానికి ఎలాగూ వస్తారుగా, ఆ రోజు ఇచ్చేస్తాను. ఐదు వేలు తీసుకోండి, పైన చిల్లర తర్వాత చూసుకుందాం” అన్నాను. “అలాగేనండి, దానికేముందండి” అన్నారు.

గృహప్రవేశం రోజు మామూలు హడావుడా! డబ్బు పెట్టడానికి కవరు వెతికితే ఇంట్లో ఒక్క మామూలు కవరు లేదు. అన్నీ రూపాయి బిళ్ల అంటించిన చదివింపుల కవర్లే. సరే, కవరు కవరే కదా అని ఐదు వేలు అందులోనే పెట్టాను. హడావుడిలో ఇంకెవరికో ఇచ్చేస్తానేమోనని పైన గుండ్రంగా “వీర్రాజు గారు” అని రాశాను. నా జాగ్రత్త అలాంటిది!

ఆయన వచ్చేసరికి మేం పీటల మీద ఉన్నాం. వ్రతం మాంచి పట్టులో ఉంది. లేవడానికి లేదు. పక్కనే మా మావయ్య కుర్చీ వేసుకుని, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని చదివింపులు రాస్తున్నాడు. జేబులోంచి కవరు తీసి, “మావయ్యా, ఇదిగో...” అన్నానో లేదో, పంతులు గారు కళ్లు పెద్దవి చేశారు.

“బాబూ, కథ మధ్యలో మాట్లాడకూడదు.”

సరే, మాట్లాడకూడదు కదా. కవరు మావయ్య చేతిలో పెట్టి, గుమ్మంలో చెప్పులు విప్పుతున్న వీర్రాజు గారిని కళ్లతో చూపించాను. మావయ్య కవరు మీద పేరు చూశాడు, ఆయన్ని చూశాడు, నా వైపు తిరిగి తల ఊపాడు. నేనూ ఊపాను. ఒక పెద్ద పని అయిపోయిందని ప్రశాంతంగా అక్షింతలు అందుకున్నాను.

మీకు అర్థమైపోయింది కదూ! నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

ఆ సాయంత్రం చుట్టాలందరూ వెళ్లాక నేనూ రమణీ చదివింపుల పుస్తకం తెరిచాం. నూటపదహార్లు, ఐదొందల పదహార్లు... మా పెద్ద బావగారు గట్టిగా వెయ్యినూటపదహారు. ఆ కిందే, “వీర్రాజు గారు, ఐదు వేల ఒకటి.”

రమణి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. “ఏమండీ, ఈయన మనకి ఏమవుతారు?”

“ఏమీ అవ్వరే. ఇన్సూరెన్స్ ఏజెంటు.”

“ఏమీ కాని మనిషి ఐదు వేలు చదివించారా! మీ వాళ్లున్నారు, ఎందుకూ!” అంది. ఆ మాటతో పాత లెక్కలు కొన్ని బయటికొచ్చాయి, అది వేరే కథ. నాకు మాత్రం కళ్లు చెమ్మగిల్లాయండీ. నిజం! అలాంటి మనిషిని పట్టుకుని “రసీదేదీ, పాలసీ కాగితమేదీ” అని ఎలా అడుగుతాం? బాగుండదు కదా.

అప్పట్నుంచి వీర్రాజు గారు మా వీధిలోకి వస్తే చాలు, మా ఇంట్లో పండగే. నెల తిరక్కుండా ఒకసారి వచ్చారు. కూర్చోకముందే పెసరట్టు ఉప్మా. అది అవగానే బొబ్బట్లు, పైన నెయ్యి. తింటూ తింటూ ఆయన మెల్లిగా అందుకున్నారు.

“మరి... మన ఇంటి సంగతి ఏం అనుకున్నారండి?”

నేను రెండు చేతులూ పట్టేసుకున్నాను. “అనుకునేదేముందండీ! మీరున్నారు. ఇంక మాకు భయమేంటి? మీరు చేసింది జన్మలో మర్చిపోం!”

ఆయన చేతులు విడిపించుకున్నారు. “అంతేనండి, అంతేనండి” అని ఇంకో బొబ్బట్టు తిని వెళ్లిపోయారు. పై నెలా వచ్చారు. ఈసారి గారెలు. ఆ తర్వాత రావడం తగ్గించారు. ఎంత మొహమాటస్తుడో అనుకున్నాం.

ఏడాది తిరిగింది. మళ్లీ కట్టాలి కదా, ఆయన ఫోన్ చేస్తారని చూశాను. చెయ్యలేదు! రమణితో అంటే, “పాపం, ఆయనే కట్టేసుంటారండీ. అలాంటి మనిషి!” అంది. నేనూ నమ్మేశానండీ. లోకంలో ఇంకా మంచితనం ఉందని కాలేజీలో అందరికీ చెప్పుకున్నాను కూడా.

ఇంతలో రావులపాలెంలో ఆయన కూతురి పెళ్లి. ఐదు వేల ఒకటి తీసుకున్నాక అంతకు పైన పెట్టకపోతే ఏం బావుంటుంది? ఆరు వేల నూటపదహారు చదివించాం. రమణి వెండి కుంకుమ భరిణె కూడా పెట్టింది. వీర్రాజు గారు కంగారు పడిపోయారు. “ఎందుకండీ ఇంత! అయ్యో, ఎందుకండీ!” అంటూనే ఉన్నారు. వచ్చేటప్పుడు కారులో ఒక అరటి గెల పెట్టించారు. మంచివాళ్లకి మంచివాళ్లే తగులుతారు అనుకుంటూ ఇంటికొచ్చాం.

ఇక మొన్నటి గాలివాన. మేడ మీద రేకుల షెడ్డు లేచి, తిరిగి, మా కిటికీనే బద్దలుకొట్టింది. వాన మొత్తం హాల్లోకి! తెల్లారేసరికి ఫాల్స్ సీలింగ్ సగం సోఫా మీద, సగం టీవీ మీద. రమణి ఏడుపు మొహం పెట్టింది. నేను మాత్రం నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది గానీ, నవ్వాను.

“ఎవరూ ఏమీ ముట్టుకోకండి! ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడాలి!”

మూడు రోజులండీ. వీర్రాజు గారు ఊళ్లో లేరు, ఫోన్ కలవదు. మూడు రోజులూ చీపురు ముట్టుకోనివ్వలేదు. సీలింగ్ ముక్కల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాను. తడి నేల మీద గీత పడకపోతే రమణి బియ్యప్పిండి పట్టుకెళ్లి గీశాను. వీడియోలు తీశాను. సోఫా కంపు వీధి చివరిదాకా వెళ్లింది. రెండో రోజు సోఫాలో ఒక కప్ప చేరింది.

“దాన్నైనా తీస్తారా, అదీ సాక్ష్యమేనా?” అంది రమణి.

“ఉండనివ్వు. నీళ్లు ఎంత వచ్చాయో తెలుస్తుంది” అన్నాను. ఆవిడ చూసిన చూపు మీరు చూడాల్సింది.

మూడో రోజు వీర్రాజు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. మోకాళ్ల దాకా ప్యాంటు మడుచుకుని హాలు మధ్యలో నిలబడి, “అయ్యయ్యో, ఎంత పనైపోయిందండీ” అన్నారు. నేను ఫోన్ తీసి, “మొత్తం పద్నాలుగు వీడియోలండీ. ఇక మీరు రాసుకోండి” అన్నాను.

“ఏం రాసుకోవాలండి?”

“క్లెయిమండీ!”

ఆయన మొహం పాలిపోయింది. “మీరు అసలు ప్రీమియమే కట్టలేదు కదండీ?”

నాకు ఒళ్లు మండిపోయింది. “కట్టకపోవడమేంటండీ! గృహప్రవేశం రోజు కవర్లో పెట్టి మరీ ఇచ్చాను.”

“నా చేతికి ఏ కవరూ రాలేదండి. మర్చిపోయారనుకున్నా. అడుగుదామని వస్తే ప్లేటు చేతిలో పెట్టేసేవారు. పైగా మాకు భయమేంటి అంటిరి. వద్దనుకున్నారేమోనని ఊరుకున్నానండి. అంత తిన్నాక గట్టిగా ఎలా అడుగుతానండి?”

మావయ్యకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. “ఆయన కవరు ఏం చేశావ్?” అని అరిచాను.

“ఏం చేస్తానురా, పుస్తకంలో రాశాను. పేరుంది, రూపాయి బిళ్లుంది. మనిషిని కూడా నువ్వే చూపించావు. ఇప్పుడేంటి, ఆయన వెనక్కి అడుగుతున్నాడా?”

రమణి లోపలికెళ్లి పుస్తకం తెచ్చింది. వీర్రాజు గారు తన పేరు చదువుకుని బిత్తరపోయారు. “ఐదు వేల ఒకటా! నేను గోడ గడియారం కదండీ ఇచ్చింది!”

అదండీ సంగతి. నా గృహప్రవేశానికి నన్ను మించి చదివించినవాడు లేడు. నా డబ్బు నేనే నాకు చదివించుకుని, ఆనందంతో కళ్లు తుడుచుకుని, దానికి బదులుగా ఇంకొకరికి ఆరు వేలిచ్చి వచ్చాను. వీర్రాజు గారు మాత్రం బంగారమండీ. వెంటనే పర్సు తీశారు. “ఇన్సూరెన్స్ ఎలాగూ రాదు. మా అమ్మాయి పెళ్లికి చదివించినదైనా తీసుకోండి. న్యాయంగా అది మీది.”

నేను చెయ్యి చాపుతూనే ఉన్నాను. ఈలోగా రమణి, “అయ్యో! పెళ్లిలో చదివించింది వెనక్కి తీసుకుంటామా అండీ! తప్పు కాదూ!” అంది. చాపిన చెయ్యి ఊరికే ఉండదు కదా, దాంతో తల దువ్వుకున్నాను.

“అయితే మీ ఇంట్లో జరిగే ఫంక్షన్‌కి తప్పకుండా తిరిగి చదివిస్తానండి. దానికి పైన కూడా వేస్తాను” అన్నారాయన.

రమణి వేళ్లు మడిచి చూసింది. మాకున్న ఒక్క అమ్మాయికి ఎప్పుడో పెళ్లైపోయింది. గృహప్రవేశం అయిపోయింది. “ఇక మిగిలింది ఈయన షష్టిపూర్తేనండీ” అంది.

నాకిప్పుడు యాభై ఒకటి.

ఈమధ్య నేను పొద్దున్నే కాలవ గట్టు మీద నడుస్తుంటే, నూనె మానేస్తే, “ఏంటండీ, కొత్తగా ఒంటి మీద ఇంత శ్రద్ధ!” అని మీరంతా అడుగుతున్నారు కదా. ఏం చేయమంటారు? ఆ ఆరు వేలూ వెనక్కి రావాలంటే నేను ఇంకో తొమ్మిదేళ్లు గట్టిగా బతకాలి మరి!