చైనా అక్కకు నేను దుబాసీ

ఆ రోజుల్లో పదో తరగతి పాసైన ఆడపిల్లకు ఇంగ్లీషు వచ్చేసినట్టేనని మా వైపు అందరూ నమ్మేవాళ్లు. అందరికంటే గట్టిగా నేనే నమ్మాను. ఎనభైల మొదట్లో తిరుత్తణిలో పొద్దున్నే రైలుబండెక్కి, తిరువళ్లూరు దగ్గర బూట్లు కుట్టే కంపెనీకి పనికి పోయేదాన్ని. మేం కుట్టిన బూట్లు ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి (మా కాళ్లకు మాత్రం రబ్బరు చెప్పులే). ఒకసారి కొత్త కుట్టుమిషన్లు వచ్చాయి. వాటి మీద పని నేర్పడానికి హాంకాంగ్ నుంచి ఒకావిడ మూడు వారాలకని వచ్చింది. మాకంటే పదేళ్లు పెద్దదేమో. ఆమె పేరు మాకు నోరు తిరగక చైనా అక్క అన్నాం. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కొంచెం, నాకు వచ్చింది అంతకంటే కొంచెం. అయినా మేస్త్రీ మామ నన్నే దుబాసీని చేశాడు.

నాలుగో రోజు ఆమె మా వరుసంతా చూసి గబగబా ఏదో చెప్పింది. నాకు 'స్లో' అన్న ఒక్క మాటే తెలిసింది.

"ఏం చెప్తా ఉండాదిమే ఆయమ్మ?" అన్నాడు మామ.

మేం నిదానమని చెబితే ఎవరి పని ఊడుతుందో! పైగా పొద్దంతా స్టూలు మీద కూర్చుని నా నడుము అప్పటికే పడిపోయింది. "వెనక ఆనుకునే కుర్చీలు కావాలంట మామా. అవి లేకుంటే ఈ మిషన్లు నడవవంట" అన్నాను.

"మిషనుకు కుర్చీ ఏందిమే?"

"ఏమో మామా, వాళ్లూర్లో అట్లనేనంట."

వారంలో కుర్చీలు దిగాయి. వాటి వెనకే మద్రాసు నుంచి ఓనరూ దిగాడు. ఆయనకు ఇంగ్లీషు నిజంగానే వచ్చు (ఆ సంగతి నాకు తోచనే లేదు). "ఈ కుర్చీలు మీరే అడిగారా?" అని నేరుగా ఆమెనే అడిగాడు. చైనా అక్క కుర్చీ వంక చూసింది, నా మొహం చూసింది. నెమ్మదిగా కూర్చుని, వెనక్కి ఆనుకుని, "యెస్. గుడ్. వర్క్ ఫాస్ట్" అంది.

ఆయన వెళ్లాక నన్ను పిలిచి, నా చెయ్యి తన నడుము మీద పెట్టుకుని, వేళ్లతో పదిహేను చూపించింది. పదిహేనేళ్లుగా తనూ మాలాగే స్టూలు మీదే కూర్చుని కుడుతోందట. మూడు వారాల్లో నేను సరిగ్గా తర్జుమా చేసుకున్న మాట అదొక్కటే.

ఆమె వెళ్లే రోజు 'మళ్లీ రండి' అని ఇంగ్లీషులో చెప్పాలని బండిలో దారంతా వల్లె వేసుకున్నాను. తీరా కారు కదిలేసరికి "ప్లీజ్ గో!" అని అరిచాను. ఆమె అద్దం దించి, నవ్వుతూ చెయ్యి ఊపింది. నా మాట విన్నట్టే వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. కారు వెనక పరుగెత్తుతూ "గో, గో" అని కేకలేస్తున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ కారు ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.