మేనమామ ఒడి కోసం ఆగిన చెవులు

రాజాత్తి కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పనికి పోయేది. అక్కడి జనం దాన్ని 'ఆపీసు' అంటారు. ఏం ఆపీసు, నా మొహం! పొద్దస్తమానం నేలమీద చతికిలబడి చెక్క చట్రాల్లో పుల్లలు పేర్చడమే అందులో ఉద్యోగం. మొగుడు ముత్తుపాండి ఆమెకు సొంత మేనమామ, తల్లికి తమ్ముడు. కాబట్టి అమ్మమ్మ రంగమ్మాళే అత్తగారు కూడా అయింది. ఇంటిపిల్ల ఇంట్లోనే ఉండాలని ముసలామె పట్టుబట్టి చేసిన పెళ్ళి అది.

1996లో వాళ్ళకు కూతురు పుట్టింది. కార్తీశ్వరి అని పేరు పెట్టుకున్నారు. మంత్రసాని బిడ్డ గుండెమీద చెయ్యి పెట్టి చూసి, "ఏమమ్మా, ఇంత నిదానంగా కొట్టుకొంటా వుండాదే" అంది. "మా వంశంలో అందరూ సాదువులేలే" అని రంగమ్మాళ్ మురిసిపోయింది. దీపావళికి వీధి దద్దరిల్లేలా టపాసులు పేలుతుంటే పసిది కనురెప్ప కదపలేదు. "చూడండే, కట్టబొమ్మన్ దైర్యం!" అని ముసలామె వీధి వీధంతా చాటుకొచ్చింది. పాపం, ఆ రాత్రి ఇంటిల్లిపాదీ సంతోషంగా నిద్రపోయారు.

మూడో ఏడు వచ్చినా పిల్ల నోట 'అమ్మా' అన్న మాట రాలేదు. వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడదు. ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ గలగలా మాట్లాడాల్సిన పిల్లకు రెండూ లేకుండా పోయాయి. పసిపిల్లల బడి బాలవాడికి వచ్చిన నర్సు చూసి, వెంటనే చెవి పరీక్ష చేయించమని మరీమరీ చెప్పింది. రాజాత్తి చీర మార్చుకుని బయల్దేరబోతే రంగమ్మాళ్ గడపకు అడ్డంగా కూర్చుంది.

"చెవులు కుట్టించకుండానే బిడ్డ చెవిలో గొట్టం దూరుస్తావా? మేనమామ ఒళ్ళో కూచోబెట్టి కుట్టిస్తే అవే తెరుచుకొంటాయి. నా చెల్లెలి బిడ్డకు అట్లానే ఆయె గదా!"

"అవ్వా, ఆ మామ రావాల గదా?"

"వొస్తాడు. రాక యాడికి పోతాడు?"

ఆ మేనమామ రాజాత్తి తమ్ముడు చెల్లసామి. వాడికి ముక్కుమీద కోపం. కడంబూరులో ఒక పెళ్ళిలో ముత్తుపాండి తన చేతికి ముందుగా తాంబూలం ఇవ్వలేదని అలిగి, అతని గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని, విరుదునగర్ పోయి పప్పుమిల్లులో చేరాడు. తాంబూలమట తాంబూలం! రెండు తమలపాకులూ ఒక వక్కా! వీడు దిగిరాడు, ఆ పెద్దమనిషి ముత్తుపాండి బతిమాలడు. చెవులు కుట్టించే కులదేవత కొలుపు ఏటేటా వచ్చేది, పోయేది. రాజాత్తి ఇద్దరి కాళ్ళూ పట్టుకుని అలిసిపోయింది. ఆమె కోరిక ఎంతని? తాను పిలిస్తే బిడ్డ ఒక్కసారి 'ఆఁ' అని తిరగాలి, అంతే. ఆ కోరికతోనే మగవాళ్ళ రోషాలన్నీ ఓర్చుకుంది.

చివరికి చెల్లసామికీ ఒక కూతురు పుట్టింది. తన ఒళ్ళోకి బిడ్డ వచ్చాక గానీ వాడికి బుద్ధి రాలేదు. కొత్త బట్టలూ బంగారు కమ్మలూ పట్టుకుని తానే నడిచొచ్చాడు. అప్పటికి కార్తీశ్వరికి ఎనిమిదో ఏడు. కయత్తారు దగ్గరి గుడిలో మామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించారు. పిల్ల బొంగురుగా ఏడ్చింది. అందరూ చుట్టూ మూగి, "కార్తీ! ఏమే కార్తీ!" అని పిలిచారు. అది వేలికంటిన నెత్తురే చూసుకుంటోంది. రంగమ్మాళ్ మాత్రం పిలుస్తూనే ఉంది, గొంతు పోయేదాకా. రాజాత్తి మంటపం చాటుకు పోయి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"అక్కా, నాతో రా. ఎవురేమన్నా అనుకోనీ" అని చెల్లసామి మర్నాడే తల్లీకూతుళ్ళను విరుదునగర్‌లో ఒక చెవి ఆసుపత్రికి తీసుకుపోయాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు కార్తిక వాళ్ళను కూర్చోబెట్టి తమిళంలో ఓపికగా చెప్పింది.

"లోపలి చెవిలో సన్నటి రోమాలున్న కణాలుంటాయి. శబ్దం వచ్చి తాకితే ఆ రోమాలు ఊగుతాయి. అప్పుడు కణం గోడల్లో చిన్న తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. అది వస్తేనే కణం నరానికి కబురు చెబుతుంది. మీ పాపకు ఆ తలుపులు తెరుచుకోవడం లేదని నా అనుమానం. గుండె కొట్టుకోవడం మొదలయ్యే చోట కూడా అవే తలుపులుంటాయి. అందుకే గుండె కూడా నిదానం. ఎలుకల్లో ఇలాగే చూశారు. రుజువు చేసే పరీక్ష ఇక్కడ లేదు."

"కాల్షియమంటే సున్నమే గదమ్మా? రాగులు పెడతాను, గుడ్లు పెడతాను" అంది రాజాత్తి ఆశగా.

"ఒంట్లో దానికి లోటు లేదమ్మా. కణం లోపలికి పోయే దారే లేదు."

చెల్లసామి నసుగుతూ, ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే మిషను సంగతి అడిగాడు. అది ఆ కణాలతో పనిలేకుండా నేరుగా నరాన్నే తట్టిలేపుతుందని, రెండేళ్ళకో మూడేళ్ళకో తెచ్చుంటే గుండెను కాచుకుంటూ ప్రయత్నం చేసేవాళ్ళమని డాక్టరు చెప్పింది. ఎనిమిదేళ్ళు శబ్దమే ఎరగని మెదడు ఇప్పుడు వింటే దాన్ని మాటగా పోల్చుకోలేదట. ఆపాటి లాభానికి ఈ గుండెకు మత్తిచ్చే సాహసం ఎవరూ చెయ్యరట. "ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదు?" అని మెత్తగానే అడిగింది. రాజాత్తి చెల్లసామి మొహం చూడలేదు.

బయట వరండాలో ఒక చిన్నపిల్ల చెవి వెనక మిషను పెట్టుకుని ఆడుకుంటోంది. వాళ్ళమ్మ దూరంనుంచి పిలిచింది. పిల్ల చటుక్కున తిరిగి, నవ్వుకుంటూ పరుగెత్తింది. కార్తీశ్వరి నిలబడిపోయి చూసింది. ఆ మిషను చూపించి, తన కమ్మల చెవి తాకి, కనుబొమలెగరేసి తల్లిని అడిగింది. నాకు?

ఏం చెబుతుంది? తలుపులనీ, గుండె అనీ, వయసు దాటిందనీ ఏ సైగతో చెబుతుంది? తల్లీకూతుళ్ళ మధ్య ఉన్నవే నాలుగు సైగలు. రాజాత్తి అరచెయ్యి తిప్పింది, లేదని. ఆ ఇంట్లో మురుకులు అయిపోయినా, అంగడి మూసేసినా అదే సైగ. అందుకని 'లేదు' అంటే ఆ పిల్లకు ఇవాళ్టికి లేదనే అర్థం. అది కంగారేమీ పడలేదు. చేతులు జోడించి చెంపకింద పెట్టుకుని కళ్ళు మూసింది, మళ్ళీ కళ్ళు తెరిచి తల్లి గడ్డం పట్టుకుంది. నిద్రపోయి లేచాకా?

చెల్లసామి గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. రాజాత్తి అవునని తలూపింది.